తాత తలపాగా, నాలుగు ముక్కలు

మొన్న ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర నా పక్కన ఒక పాత కారు ఆగింది. దాని ఇంజను ఒకసారి గట్టిగా లేస్తూ, ఒకసారి ఆరిపోబోతూ ఆయాసపడుతోంది. గాలి ఎక్కడో లీకవుతోంది అనుకున్నాను. కార్ల గురించి నాకు తెలిసిన సంగతి అదొక్కటే. అది కూడా తెలంగాణ ఉద్యమం రోజుల్లో, మన్సూరాబాద్‌లో మేముండే కిరాయి ఇంటి ముందు, ఒక బంద్ నాటి మధ్యాహ్నం నేర్చుకున్నాను.

నాదర్‌గుల్ వైపు మా పొలాలన్నీ ప్లాట్లయిపోయాక మాకు మిగిలినవి నాన్న కారు, తాత తలపాగా. వంగని వెన్ను కూడా మిగిలిందని అమ్మ అనేది. సరిగ్గా ఆ రోజుల్లోనే కారు మూలపడింది. అమ్మ కంటి ఆపరేషన్ బంద్‌ల వల్ల అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మర్నాడు పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో ఉండాలి. ఆటోలు తిరుగుతాయన్న నమ్మకం లేదు, మెకానిక్ షెడ్లన్నీ మూసి ఉన్నాయి. మాకోసం షట్టర్ ఎత్తగలిగిన మనిషి ఒక్కడే. సైదాబాద్‌లో కారు సామాన్ల దుకాణం పెట్టుకున్న మా చెల్లెలి భర్త. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు, నాకన్నా రెండేళ్లు పెద్ద. మా చెల్లెలు మమ్మల్ని అడక్కుండా చేసుకుంది. పెళ్లయి నాలుగేళ్లయినా నేను వాళ్ల గడప తొక్కలేదు, ఆయన్ని వరస పెట్టి పిలవలేదు. తప్పనిసరైతే గొంతు సవరించుకునేవాణ్ణి, అంతే.

ఫోన్ అమ్మే చేసింది. "నీ పంతం నీ దగ్గర్నే ఉంచుకో, నా కన్ను నాకు గావాలె" అంది నాతో.

ఆయన స్కూటర్ మీద గోనెసంచిలో సామాన్లు వేసుకుని వచ్చాడు. చొక్కా చేతులు పైకి మడిచి బానెట్ ఎత్తాడు. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చున్నాను. మా ఇళ్లలో పని చేయించడమంటే కూర్చుని చూడటమే. కానీ ఆ కుర్చీ కొద్దికొద్దిగా ముందుకెలా జరిగిందో నాకే తెలియదు. ముందుగా ఆయన గిన్నెలాంటిదొకటి ఊడదీశాడు. లోపల రూపాయి బిళ్లలాంటి రేకు, వేలితో నొక్కితే తెరుచుకుని వదిలితే మూసుకుంటోంది. అంతా మసి. "థ్రాటిల్ బాడీ అంటారండి, ఇంజనుకి ముక్కు లాంటిది. మీరు యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది ఇదే" అన్నాడు. ఇన్నేళ్లూ నేను తొక్కేది పెట్రోలు అనుకున్నాను, గాలినట! మరి పెట్రోలు ఎంత రావాలో దానికెట్లా తెలుస్తుందని అడిగాను. అడుగుతూ లేచి నిలబడ్డాను. ఆ గాలిని నాలుగు దారులుగా లోపలికి పంచే గొట్టాల గుత్తిని విప్పి, అడుగున గాలి లీకవుతున్న వెంట్రుకంత పగులును గోటితో చూపించాడు. దాన్ని మేనిఫోల్డ్ అంటారట. నేను కూడా గోటితో తడిమి చూశాను.

అది తీయగానే ఇంజనుకి నాలుగు రంధ్రాలు నోళ్లు తెరిచాయి. "చిన్న బోల్టు పడినా ఇంజను పాడైపోతుందండి. పోగులూడని మెత్తటి గుడ్డేదైనా ఉంటే కుక్కుదాం." నాకేం తోచిందో, లోపలికెళ్లి తాత తలపాగా తెచ్చి నాలుగు ముక్కలు చించి, రంధ్రానికొకటి నేనే కుక్కాను. "మా ఇంట్ల పాత బట్ట గూడ గిట్లుంటది" అన్నాను. గుమ్మంలోంచి అమ్మ, "మీ తాత నెత్తిమీద ఉన్నన్ని దినాలు దేనికీ పనికిరాలే, ఇయ్యాల పనికొచ్చింది" అంది. ఆయన నవ్వు ఆపుకోవడానికి బానెట్ కిందికి వంగాడు.

సంచిలోంచి తీసిన కొత్త మేనిఫోల్డ్ బిగించే ముందు, "గుడ్డలు నేను తీస్త" అన్నాను. తాత బట్ట మీద ఆయన జిడ్డు చేతులు పడటం నాకిష్టం లేదు. తీసి జేబులో వేసుకున్నాను. ఆయన ఒక్కో బోల్టూ మధ్యలోంచి అంచులకు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోయాడు. అన్నీ అమర్చేసరికి గంట దాటింది. స్టీరింగ్ ముందు కూర్చుని అడిగాడు, "బావగారూ, నాలుగూ తీశారు కదండీ?"

"మా ఇంట్ల లెక్క తప్పది."

ఇంజను చప్పుడు వినాలని అమ్మ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. చెమట తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెట్టాను. మూడు. మళ్లీ తడిమాను. మూడే. చెబితే గంట పని మళ్లీ విప్పాలి, తప్పు నాదని మా చెల్లెలికి తెలుస్తుంది. చెప్పకపోతే ఇంజను ఆ గుడ్డను మింగుతుంది, అమ్మ కన్ను మూడోసారి వాయిదా పడుతుంది. ఆయన చెయ్యి తాళం మీద పడింది.

"ఆగు బావా!" అన్నాను. "మూడే ఉన్నయి."

ఆయన తాళం వదిలేసి నా వంక చూశాడు. గుడ్డ సంగతి విన్నట్టే లేడు. "నాలుగేళ్లకి పిలిచారండీ" అని దిగి, పానా నా చేతిలో పెట్టాడు. "ఈసారి మీరు విప్పండి."

విప్పాను, వంగి. ఆపరేషన్ అయ్యాక కట్టు విప్పిన రోజు అమ్మ మొదట చూసింది నా చేతులే. "గోర్లల్ల గా నలుపేందిరా?" అంది. మా బావ కిటికీ వైపు తిరిగి నవ్వాడు.

పచ్చ సిగ్నల్ పడి ఆ పాత కారు ఆయాసపడుతూ వెళ్లిపోయింది. నాలుగేళ్లు బిగబట్టింది వదలడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. ఆ నాలుగేళ్లను కాలం తీసుకుపోయిందని అనలేను, నేనే మూసిపెట్టుకుని కూర్చున్నాను.