కామేశ్వరి ఇంటికొచ్చిన ఏనుగుల తుపాకీ

కామేశ్వరి ఇంట్లో దోమల బ్యాటు తప్ప వేరే ఆయుధం ఎన్నడూ లేదు. అదీ ఛార్జింగు నిలవదు. ఆవిడ మొగుడు అమర్నాథ్‌ది బాపట్ల. అరబ్బు దేశంలో హాయిల్ అనే ఊరి బయట గోధుమ పొలాల్లో గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు చల్లే పెద్ద యంత్రాలకి ఇంజనీరు. చదువు దండిగా ఉంది, ధైర్యమే లేదు. బొద్దింక కనబడితే మంచమెక్కి "కామేశ్వరీ!" అని కేక పెడతాడు. చీపురు తెచ్చేది ఆవిడ, కొట్టేది ఆవిడ, ఎత్తి పారేసేది ఆవిడ. అంతా అయ్యాక ఈయన మంచం దిగి, "చంపకుండా తోలేస్తే పోయేది కదా" అని ధర్మం చెబుతాడు.

అలాంటి మహానుభావుడు ఒక శుక్రవారం మధ్యాహ్నం ఏనుగుల్ని కొట్టే తుపాకీ చంకన పెట్టుకుని ఇంట్లోకొచ్చాడు.

కామేశ్వరి అప్పుడు కందిపచ్చడి రుబ్బుతోంది. "ఏమిటండీ ఆ గొట్టం? పొలంలో పైపు పగిలిందా?" అంది.

"పైపు కాదే పిచ్చిదానా! డబుల్ రైఫిలు. అబూ నాయెఫ్ ఇచ్చాడు."

"దాచమన్నాడా?"

"దాచమనడమేమిటి, నాకే ఇచ్చాడు. బహుమానం. నేనంటే ఆయనకి ఎంత గౌరవమో చూశావా?"

ఆ మాటతో కామేశ్వరి చెయ్యి కడుక్కుని వచ్చి కుర్చీలో కూలబడింది. మొగుడి నోట గౌరవం అన్న మాట వచ్చినప్పుడల్లా ఇంటి మీదికి ఏదో ఒకటి ముంచుకొస్తుందని ఆవిడకి పెళ్ళయిన కొత్తలోనే అర్థమైంది.

జరిగింది ఇదీ. అబూ నాయెఫ్ ఆ పొలాల యజమాని, అమర్నాథ్‌ని ఈ దేశానికి తెచ్చుకున్న కఫీలు. ఒంటెలున్నాయి, డేగలున్నాయి, ఖర్జూరం తోటలున్నాయి. ఉన్నవి చాలక, ఆఫ్రికా వెళ్ళి అడవిదున్ననో ఏనుగునో కొట్టాలని కోరిక పుట్టింది. ఏదో చలిదేశంలో దొరల చేత ఈ తుపాకీ చేయించుకున్నాడు. పక్కపక్కనే రెండు గొట్టాలు, రెండు మీటలు. ఉక్కు మీద పూలూ తీగలూ, పెళ్ళికూతురి చేతికి గోరింటాకు పెట్టినట్టు. తూటా ఒక్కోటి చక్కెరకేళి అరటిపండంత. హాయిల్ చుట్టుపక్కల కుందేలూ ఉడుమూ తప్ప కొట్టడానికి ఏముంది గనక? ఉడుముకి దీన్ని గురిపెడితే ఉడుముతో పాటు దాని వంశమూ పోతుంది. అందుకని ఆయన దాన్ని పేల్చలేదు. మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు కూచుని కాఫీ తాగే పెద్ద హాల్లో, ఒక పట్టుదిండు మీద పడుకోబెట్టి ఊళ్ళో వాళ్ళని పిలిచి చూపించడం మొదలెట్టాడు.

వచ్చినవాళ్ళంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నడుం దగ్గర విరిచి తెరిచి, మళ్ళీ టక్కున మూసి, సీలింగు దీపానికి గురిచూసి, "మాషా అల్లా, దేవుడు నిన్ను చల్లగా ఉంచుగాక" అనేవారు. అక్కడితో ఆపేవారు. అంతకు మించి మెచ్చుకోరు. అతిథి ఒక వస్తువుని మరీ మెచ్చుకుంటే ఇంటాయన "నీదే, తీసుకో" అనాలి. అతిథి "వద్దు వద్దు, నీ దగ్గరే ఉండనీ" అనాలి. ఆయన ఇవ్వబోతాడు, ఈయన వద్దంటాడు, వస్తువు దిండు మీదే ఉంటుంది. అందరి పరువూ నిలుస్తుంది. పుట్టినప్పటి నుంచీ తెలిసిన పద్ధతి కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు.

అమర్నాథ్ పొలం తప్ప మజ్లిస్ మొహం ఎరగడు. తుపాకీతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పమని ఆ రోజే మొదటిసారి పిలిచారు. "ఏనుగుకి పనికొస్తుంది, ఖడ్గమృగానికి పనికొస్తుంది" అని ఈయన చదివి చెబుతుంటే, అబూ నాయెఫ్, కొడుకు మార్కులు వింటున్న తండ్రిలాగా, మురిసిపోయాడట. చదివిన మహత్యమో ఏమో, అమర్నాథ్‌కి ఒళ్ళు పులకరించింది. "నా జన్మలో ఇంత అందమైన వస్తువు చూడలేదు. దీన్ని వదిలి కాలు కదలడం లేదు" అని వచ్చీరాని అరబ్బీలో, గుండెల మీద చెయ్యేసుకుని మరీ చెప్పాడు.

"నీదే, తీసుకో" అన్నాడు అబూ నాయెఫ్, అనాలి కాబట్టి.

"షుక్రన్" అన్నాడు అమర్నాథ్. తుపాకీ చంకన పెట్టుకుని లేచాడు. రెండడుగులు వేసి, వెనక్కొచ్చి తూటాల పెట్టె కూడా తీసుకున్నాడు.

కాఫీ పోసేవాడి చెయ్యి గాల్లో ఆగిపోయిందట. అబూ నాయెఫ్ నవ్వు, పెళ్ళయిపోయినా విప్పని పందిరిలాగా, మొహం మీద అలాగే ఉండిపోయిందట.

ఈ సంగతంతా కామేశ్వరికి మర్నాడు ఫోన్లో చెప్పింది జైనాబీ. జైనాబీ రాయచోటి మనిషి, అబూ నాయెఫ్ ఇంట్లో వంట చేస్తుంది.

"అక్కా, మీ ఆయప్ప ఏం జేసినాడో ఎరికేనా నీకు? మా సేటు అన్నం ముట్టల్యా. ఆ కాళీ దిండుకేసి సూస్తా కూసోనుండాడు."

"అయ్యో, దానికేముంది, ఇవాళే వెనక్కిచ్చేస్తాం. పీడా పోతుంది."

"ఓయమ్మా! ఆ పని మాత్తరం సెయ్యాకండి. ఇచ్చిండేదాన్ని ఎనక్కిస్తే మొగాన కొట్టినట్టు. ఆయన అడగల్యాడు, మీరు ఇయ్యకూడదు. అంతే."

"అంతే అంటే? ఎంతకాలం?"

"సచ్చేదంకా" అంది జైనాబీ, కూరలో ఉప్పెంతో చెప్పినంత తేలిగ్గా.

కామేశ్వరి ఫోన్ పెట్టేసి లెక్క వేసుకుంది. లైసెన్సు అబూ నాయెఫ్ పేర. పరాయి దేశంవాడి ఇంట్లో తుపాకీ దొరికితే ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కాగితం, ఉద్యోగం తర్వాతి మాట, ముందు మొగుణ్ణి జైల్లో వేస్తారు. బహుమానం అని చెబితే నమ్మేదెవరు? ఏనుగుల తుపాకీని పప్పన్నం తినే ఇంజనీరుకి బహుమానంగా ఇచ్చే మొనగాణ్ణి ఏ పోలీసు చూసి ఉంటాడు?

ఆ మాటే మొగుడితో అంటే, ఆయన తుపాకీ మీది పూలకి ఆవిడ కొబ్బరినూనె రాస్తున్నాడు.

"ఈ చెక్క చూశావా కామేశ్వరీ, నిమిరితే ఇంకా నిమరాలనిపిస్తుంది."

"నన్నెప్పుడన్నా నిమిరారా అంత ప్రేమగా?"

"నీకు కళాదృష్టి లేదు."

ఆయనకి కళాదృష్టి ముదిరింది. పొలం నుంచి రాగానే తలుపు గడియ వేసి, కర్టెన్లు మూసి, ఎండకి పెట్టుకునే టోపీ ఇంట్లోనే పెట్టుకుని, అద్దం ముందు నిలబడేవాడు. ఎడమ పక్కన బాగున్నానా, కుడి పక్కన బాగున్నానా అని చూసుకునేవాడు. గోడ మీద బల్లికి గురిపెట్టి, నోటితోనే "ధాం" అనేవాడు. బల్లి కదిలేది కాదు. దానికి ఈయన సంగతి తెలుసు.

ఒకరోజు ఆయన అలా సోఫాలో తుపాకీ ఒళ్ళో పెట్టుకుని ఆఫ్రికాలో ఉండగా బెల్లు మోగింది. ఏసీ బాగుచేసే పాకిస్తానీ మెకానిక్కు. రమ్మని చెప్పింది తనే అని అమర్నాథ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. కామేశ్వరి ఆ గొట్టాన్ని లాక్కుని మంచం మీద పడేసి, తలగడ పెట్టి, దుప్పటి కప్పింది. మెకానిక్కు లోపలికొచ్చి మంచం కేసి చూశాడు.

"సాస్ హై. బుఖార్ హై" అంది కామేశ్వరి, అత్తగారికి జ్వరమని.

పాపం, మంచివాడు. నిచ్చెన చప్పుడు కాకుండా వేసుకున్నాడు. పోయే ముందు మంచం వైపు చేతులు చాపి, పెద్దావిడకి నయం కావాలని దువా చేశాడు. అమర్నాథ్ కూడా భక్తిగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడో కాలంచేసిన ఆవిడ పేర ఇంత పూజ జరిగాక, కామేశ్వరి ఇక లాభం లేదనుకుంది. మెకానిక్కు మళ్ళీ వస్తాడు, పరామర్శకి. ఈసారి పెళ్ళాన్ని కూడా తెస్తాడు. దుప్పటి తీసి నుదురు తాకి చూస్తానంటే?

మర్నాడు బొబ్బట్లు చేసి డబ్బాలో పెట్టుకుని, అబూ నాయెఫ్ ఇంటికి ఆడవాళ్ళ వాకిట్లోంచి వెళ్ళింది. ఏం అడగాలో తెలీదు. అక్కడ పెద్ద దిక్కు అబూ నాయెఫ్ తల్లి హాజిరా. డేరాల్లో పుట్టి పెరిగిన ముసలమ్మ. కొడుక్కి గడ్డం నెరిసినా ఆవిడ దగ్గేసరికి లేచి నిలబడతాడు.

కోడళ్ళూ చుట్టాలూ తివాచీ మీద వరసగా కూచున్నారు. జైనాబీ ఎడమచేత కాఫీ కూజా, కుడిచేత చిన్న చిన్న కప్పులు పట్టుకుని వచ్చి, కామేశ్వరికి పోసి ఇచ్చింది. ఇక్కడే వచ్చింది చిక్కు. కామేశ్వరికి కాఫీ విషయంలో పట్టుదల ఎక్కువ. పొద్దున్నే ఫిల్టర్లో దిగిన చిక్కటి డికాషను, అందులో పొంగిన పాలు. అది కాఫీ. ఈ పసుపుపచ్చగా, పాలూ పంచదారా లేకుండా, ఏలకుల వాసనేసే నీళ్ళు ఆవిడ లెక్కలో కాఫీ పేరు పెట్టుకుని తిరిగే కషాయం. ఇన్నేళ్ళలో ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు, పోసుకోనని అందరితో చెప్పుకుంటుంది కూడా. ఇవాళ పెద్దావిడ ముందు వద్దనలేక కప్పు అందుకుని, తాగకుండా ముందు నేల మీద పెట్టేసింది.

ఒక కోడలు నోటి దాకా వెళ్ళిన ఖర్జూరాన్ని దింపేసింది. హాజిరా ముందుకి వంగి ఏదో అడిగింది.

"ఏమంటోందే?" అంది కామేశ్వరి గుసగుసగా.

జైనాబీ కళ్ళు ఇంతలేసి చేసింది. "అక్కా, కప్పు కింద పెడితివే! తాగకుండా కింద పెడితే, ఏందో కోరిక ఉండాదని అర్తం. అది తీరిస్తేనే తాగుతావని. పాతకాలం మర్యాద. 'నీకేం గావల్లో అడుగు, ఇస్తా' అంటాంది."

"ఏదైనానా?"

"ఏదైనా. ముసిలామె మాటంటే మాటే. జీతమడుగు, కారడుగు. ఆ మెళ్ళో పేట సూసినావా, అదైనా అడుగు!"

కామేశ్వరి చూసింది. మనిషన్నాక చూస్తుంది. ఆ బంగారు పేట ముసలమ్మ గుండెల మీద వడియాలు ఎండబెట్టే గుడ్డంత వెడల్పున ఉంది. ఒక్క నిమిషం ఆవిడకి తన మెడ కూడా గుర్తొచ్చింది. ఆ వెంటనే దుప్పటి కింద పడుకున్న "అత్తగారు" గుర్తొచ్చింది.

"చెప్పు జైనాబీ. నేనన్నది అన్నట్టు చెప్పు. మీ అబ్బాయి మా ఇంటికి ఒక పిల్లని పంపాడు. బంగారంలాంటి పిల్ల. ఒంటి నిండా నగలు. మేమే దానికి తగినవాళ్ళం కాము. దాని కడుపుకి సరిపడా తిండి పెట్టలేం, బయటికి తీసుకెళ్ళలేం, నలుగురిలో చూపించలేం. చీకటిగదిలో పడుకుని పుట్టింటి మీద బెంగ పెట్టుకుంది. ఇలాగే ఉంటే మాకు చెడ్డపేరు. పుట్టింటికి తీసుకెళ్ళండి. అదే నా కోరిక."

జైనాబీ చెప్పింది. తన వంతుగా ఏడుపు కూడా కాస్త కలిపింది. ఏ పిల్లో హాజిరాకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక నవ్వింది చూడండి, మెడలో పేట గలగల్లాడింది. కోడళ్ళు ముసుగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

"ఇచ్చాను. ఇక తాగు" అంది ముసలమ్మ.

"తుపాకీ మా గడప దాటాక తాగుతానని చెప్పు" అంది కామేశ్వరి.

"అక్కా! మాటిచ్చినాక అట్లా అనకూడదు!"

"అననీ. మాటిచ్చే కదా ఇదంతా పీకలమీదికి వచ్చింది."

జైనాబీ భయపడుతూ చెప్పింది. హాజిరా ఈసారి నవ్వలేదు. కామేశ్వరిని కింద నుంచి పైదాకా చూసి, ఇది గట్టి పిండం అన్నట్టు తల ఊపి, కొడుక్కి ఫోన్ చేయించింది. అబూ నాయెఫ్ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా కారెక్కాడని కిటికీలోంచి చూసిన చిన్నకోడలు చెప్పింది.

కాసేపటికి కామేశ్వరి ఫోన్ మోగింది.

"కామేశ్వరీ! అబూ నాయెఫ్ వచ్చాడు. వాళ్ళమ్మ ఆజ్ఞట, తీసుకెళతాడట! నువ్వేమన్నా అన్నావా?" అన్నాడు అమర్నాథ్.

"ఇచ్చెయ్యండి."

"నూనె రాశానే ఇప్పుడే..."

"రాసిందీ, రాయందీ ఇచ్చెయ్యండి. తూటాలు కూడా."

"టోపీ?"

"టోపీ మీదేనండీ. అది పెట్టుకుని కూచోండి."

ఆవిడ కప్పు నేల మీదే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. బయట కారు ఆగిన చప్పుడు, తర్వాత మగవాళ్ళ వైపు నుంచి అబూ నాయెఫ్ గొంతు, పసిపిల్లని లాలిస్తున్నట్టు. హాజిరా కప్పు కేసి చెయ్యి చూపించింది.

కామేశ్వరి కప్పెత్తింది. చల్లారి, పైన మీగడలాగా ఏదో తేలుతోంది. వాసన చూడకుండా, ఊపిరి బిగబట్టి, ఇన్నేళ్ళ పట్టుదలనీ ఒక్క గుక్కలో మింగేసింది. మొహం మాత్రం చెదరనివ్వలేదు.

జైనాబీ వెంటనే మళ్ళీ పోసింది, వేడివేడిగా. సరే, మర్యాద అనుకుని తాగింది. మళ్ళీ పోసింది. తాగింది. మళ్ళీ.

"ఇంకెన్నే?" అంది పళ్ళ బిగువున.

"కప్పు ఊపితే ఆపుతారు అక్కా, ఊపకపోతే పోస్తానే ఉండల్ల."

"ఆ ముక్క ముందే చెప్పి చావచ్చుగా!"

"నువ్వు అంత ఇస్టంగా తాగతాంటే యాల అడ్డం పడాల అనుకుంటి" అంది జైనాబీ.