బంతి అనకూడని బంతి భోజనం

ఈ సంగతి నేను రాయకపోతే మా అక్క ఊళ్ళో ఇది కాకి కథగానే మిగిలిపోతుంది. బచ్చన్నపేట దిక్కు ఏ హోటల్లో చాయ్ తాగినా ఇప్పటికే మూడు రకాలుగా వినిపిస్తోంది. కాకి ఓటేసిందని ఒకరంటారు. ఆ కాకిని మేమే టేకుమట్ల నుంచి డబ్బాలో పెట్టి తెచ్చామని ఇంకొకరు. అక్క తమ్ముడు పుస్తకాలు చదివీ చదివీ మెదడు చెడి, చచ్చినామె దినాలకు సర్కారును పర్మిషన్ అడిగాడని మూడోవాళ్ళు. మూడింటిలో చివరిది కొంత నిజం. మెదడు సంగతి వదిలేస్తే, అడిగింది నేనే. అందుకే ఇది నా చేత్తోనే రాయాలి. పేర్లు మాత్రం రాయను. ఆ ఊళ్ళో మళ్ళీ పెళ్ళిళ్ళకూ చావులకూ అందరం ఎదురుపడాల్సినవాళ్ళమే.

నేను జనగామలో ఒక పత్తి మిల్లులో కాంటా దగ్గర పనిచేస్తాను. నా చదువు పదో తరగతితో ఆగింది, చదవడం ఆగలేదు. గ్రంథాలయంలో కిటికీ పక్క కుర్చీ నాదని అక్కడికి వచ్చేవాళ్ళందరూ ఒప్పుకున్నారు. వాళ్ళు ఉద్యోగ ప్రకటనలు చదువుతారు, నేను చట్టాలు చదువుతాను. చట్టాల పుస్తకాలకు పోటీ ఉండదు, పేజీలు కూడా చినిగిపోవు.

అక్క ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్ళకు వచ్చింది. అక్క వాడకు నల్లా లేదు. ట్యాంకర్ వస్తే నీళ్ళు, రాకపోతే ఎదురుచూపు. "ఇంకెన్నేండ్లు బిందెలు వరసల పెట్టుకుంట కూసుందాం" అని వాడకట్టు ఆడవాళ్ళే అక్కతో నామినేషన్ వేయించారు. ఆమె నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, నువ్వు అన్ని సదువుతవు గద. ఎలచ్చన్ల ఖర్చు లెక్క రాయాల్నట. నువ్వే రాయాలె."

జీవితంలో మొదటిసారి నేను చదివినది ఒకరికి పనికొచ్చింది. ఎన్నికల ఖర్చు నియమాల పుస్తకం తీసి రెండుసార్లు చదివాను. అక్క ఊరంత ఊరికి సర్పంచ్ అభ్యర్థి లక్షన్నరకు మించి ఖర్చు పెట్టకూడదు. దానికి బ్యాంకులో వేరే ఖాతా తెరవాలి. ఫలితాలు వచ్చాక నలభై ఐదు రోజుల్లో గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ లెక్క అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే మూడేళ్ళు పోటీకి పనికిరారు, గెలిచినవాళ్ళకు పదవి పోతుంది. చదువుతుంటే నా కళ్ళు చెమర్చాయి. ఇంత చక్కని నియమాలున్న దేశంలో పుట్టినందుకు గర్వపడ్డాను. అప్పటికింకా నేను ఊళ్ళోకి పోలేదు.

ఎదుటి అభ్యర్థి ఒక గుత్తేదారు భార్య. ఆమెను ప్రచారంలో నేను ఒక్కసారీ చూడలేదు. ఫ్లెక్సీ మీద గుత్తేదారు నిలువెత్తున దండం పెడుతుంటే, ఆయన మోచేతి దగ్గర పోస్టు బిళ్ళంత ఆమె ఉండేది. ఆయన మా బావకు వరసకు కాక, అంటే చిన్నాయన. అక్కకు మామ. వాళ్ళకు కత్తెర గుర్తు వచ్చింది. అక్కకు ఫుట్‌బాల్ వచ్చింది. ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ అనేవాళ్ళెవరూ లేరు, అందరికీ అది బంతి. ఒక ఆటో, ఒక మైకు, కొన్ని పాంప్లెట్లు. "బంతి గుర్తుకే మీ ఓటు" అని ఆటో తిరిగేది. ప్రతి రూపాయికీ నేను రశీదు తీసుకునేవాణ్ణి. ఆటో డ్రైవర్ నన్ను చూస్తేనే చాయ్ తాగడం మానేశాడు.

అవతలి పక్షంలో ఖర్చే లేదు. అన్నీ శుభకార్యాలే.

నామినేషన్లు ముగియగానే గుత్తేదారు మనుమనికి పుట్టెంట్రుకలు తీయించారు. ఊరంతా మటన్ తిన్నది. తర్వాత ఆయన తమ్ముని కొడుక్కు తొలిసారి పంచె కట్టించే ధోతి ఫంక్షన్. ఆ పిల్లవాడికి అప్పటికే మీసాలూ డ్రైవింగ్ లైసెన్సూ ఉన్నాయి.

"పెద్దనాయినా, నాకు ఎప్పుడో కట్టిచ్చిండ్రు గదనే ధోతి?" అని వాడు అడిగితే, "గది చిన్న ధోతిరా, గిది పెద్ద ధోతి" అన్నాడట గుత్తేదారు.

ఇంట్లో పిల్లలు అయిపోయాక కొత్త బోరు మోటారుకు పూజ పెట్టి మేకను కోశారు. ఆ మోటారు కూడా మాంసం తినే జాతిదే కాబోలు. ఒక్క విస్తరి కూడా ఎన్నికల లెక్కలోకి రాలేదు. అన్నీ ఇంటి ఫంక్షన్లే. పిలిచిన బంతికి పోకపోతే తప్పు కాబట్టి పుట్టెంట్రుకల దావత్‌కు అక్కా నేనూ కూడా పోయి తిన్నాం. బాగుంది.

ప్రచారం జోరు మీదుండగా అక్క అత్త పోయింది. ముసలామె చివరి దాకా ఒకటే అనేది: "ఈ ఊళ్ళె ఎవ్వల దినాలకు నేను తినంది లేదు బిడ్డా. నేను పోయినంక ఊరందరికీ బంతులు పెట్టుండ్రి." తిన్నవాళ్ళు పెట్టాలి, ఊళ్ళో ఇదీ ఒక చట్టమే. దీనికి పుస్తకం లేదు కాబట్టి తప్పించుకునే దారి కూడా లేదు. చూస్తే ఆమె పదకొండో దినం సరిగ్గా పోలింగ్ ముందురోజు పడింది. ప్రచారం బంద్, మందు బంద్, దావత్‌లు బంద్. ఆ రోజు ఊరికి అన్నం పెడితే ఓటర్లకు ఎర అంటారు. గెలిచినా సీటు పోవచ్చు. పెట్టకపోతే ముసలామె మాట పోతుంది.

బావ తల పట్టుకున్నాడు. "ఇంటోళ్ళ మందం చేసి ఊకుందమా?"

అక్క ఒప్పుకోలేదు. "సీటు పోతె మల్ల ఐదేండ్లకు వస్తది. అత్త దినం మల్ల వస్తదా?"

అప్పుడు నేను చేయవలసిన పని చేశాను. ఖర్చులు చూసే అధికారికి అర్జీ రాశాను. ఫలానా రోజు మా ఇంట్లో కర్మ భోజనాలున్నవి, ఇది ప్రచారం కాదు, దయచేసి గమనించగలరు అని. బావ అది చదివి నన్ను ఎగాదిగా చూశాడు.

"బామ్మర్దీ, గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నడట. నిన్నెవడడిగిండు?"

"ఇది పారదర్శకత బావా."

"గదేందో గని, మా అవ్వను దాంట్ల కలపకు."

కలిపాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. శుభకార్యాల గురించి ఎవరూ అర్జీ రాయలేదు కాబట్టి అక్కడికి ఎవరూ పోలేదు. మేము రాశాం కాబట్టి పదకొండో రోజు పొద్దున్నే ఫ్లయింగ్ స్క్వాడ్ జీపు మా గుమ్మం ముందు ఆగింది. వీడియో కెమెరా పట్టుకున్న ఒకతను, పుస్తకం పట్టుకున్న ఇంకొకతను, వాళ్ళ పైన ఒక సారు. మహబూబాబాద్ ఆయన సొంతూరు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

మొదట పిట్టకు, అంటే కాకికి, పెట్టాలి. బావ వాళ్ళ పత్తి చేను గట్టున విస్తరి వేసి, ముసలామెకు ఇష్టమైన సర్వపిండి, కొంచెం మాంసం, ముంతలో కల్లు పెట్టాం. సారు ముంతలోకి వంగి చూశాడు.

"ఇదేంది, కల్లా? మందు బంద్ అని తెల్వదా?"

"తాగేది పిట్ట సార్," అన్నాడు బావ.

పుస్తకం అతను కలం తీశాడు. సారు ఆకాశం వైపు చూసి, "రాయకు" అన్నాడు.

కాకి రాలేదు. కరెంటు తీగ మీద కూర్చుని మమ్మల్నీ కెమెరానూ మార్చి మార్చి చూసింది. పిట్ట ముట్టకపోతే పోయినామెకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. ఒక్కొక్కరే చేతులు జోడించి మాటిచ్చారు. "నీ బర్రెను అమ్మమే అవ్వా" అన్నాడు బావ. కాకి కదల్లేదు. "నీ బిడ్డను పండుగ పండుగకు తోల్కస్తం" అన్నది అక్క. కదల్లేదు. అప్పుడు ముసలామె తమ్ముడు, టేకుమట్ల నుంచి వచ్చిన పెద్దాయన, ముందుకొచ్చాడు.

"ఓ అక్కా! నీ కోడల్ని సర్పంచ్‌ను చేస్తం. జర వచ్చి తినే!"

కాకి దిగింది. సర్వపిండి ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది. ఆడవాళ్ళందరూ "బతికిచ్చినవ్ అత్తా" అని ఏడ్చారు. కెమెరా నడుస్తూనే ఉంది.

సారు నన్ను పక్కకు పిలిచాడు. "అర్జీ పెట్టింది నువ్వే గద? ఇది ప్రచారం కిందికి వస్తదా?"

"రాదు సార్. ఓటరుతో మాట్లాడితేనే ప్రచారం. ఆయనకు ఓటే ఇక్కడ లేదు, టేకుమట్లల ఉన్నది. మాట్లాడింది చనిపోయినామెతోని."

"ఆమె పేరు జాబితాల తీసేసిండ్రా?"

నేను అబద్ధం ఆడను. "ఇంకా తియ్యలేదు సార్."

సారు పుస్తకం అతని వైపు తిరిగి, "ఇది గుడ రాయకు" అన్నాడు.

తర్వాత ఇంటి దగ్గర భోజనాలు. విస్తరికి ఇంత అని సారు దగ్గర రేటు పట్టిక ఉంది. ఓటర్లు తిన్న విస్తర్లు మాత్రమే అక్క ఖర్చులో రాస్తామన్నాడు. అందుకని ఓటర్లు గోడ వైపు, చుట్టాలు చెట్టు వైపు కూర్చోవాలన్నాడు. ఊరు ఊరంతా నిలబడిపోయింది.

"నేను రెండు సార్," అన్నాడొక ముసలాయన. "ఎటు కూసోవాలె?"

ఎలాగో మొదటి వాయి తిని లేచారు. బావ అలవాటుగా కేకేశాడు: "రెండో బంతి కూసోండ్రి!"

గుత్తేదారు అప్పుడే గడపలోకి వచ్చాడు. తోడు పది మంది. "సార్, ఇన్నరా? బంతి అంటుండు! గుర్తు చెప్తుండు! ప్రచారం బందయినంక గుర్తు చెప్తుండు!"

సారు నా వైపు చూశాడు. ఈ సంగతి నా పుస్తకంలో లేదు. చివరికి ఆయనే తీర్పు చెప్పాడు. ఈ పూటకు ఆ మాట ఎవరూ అనొద్దు.

ఆ మాట లేకుండా అన్నం పెట్టడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. "రెండో... లైన్ కూసోండ్రి" అన్నాడు బావ. "ఏం లైన్? కరెంటు లైనా?" అని ఎవరో అన్నారు. "ఈ బం... ఈ వరసకు చారు!" అని వడ్డించేవాళ్ళు నాలుక కరుచుకున్నారు. నాలుక జారిన ప్రతిసారీ తినేవాళ్ళందరూ నవ్వారు. ఒక ముసలవ్వ విస్తరి ముందు కూర్చుని గట్టిగా అడిగింది: "బంతి అననియ్యకుంటె బువ్వెట్ల తినుడు బిడ్డా?" మా ఆటో మైకు అన్నాళ్ళూ చేయలేని ప్రచారం ఆ పూట గుత్తేదారు ఫిర్యాదు చేసింది.

ఆయన ఊరుకోలేదు. ముసలామె ఫొటో వైపు వేలు చూపించాడు. "ఆ దండ ఏం పూలు సార్? బంతిపూలు!"

బావ చేతిలో అన్నం గంటె ఆగిపోయింది. "కాకా, నీ వదిన మెడల దండ గుడ తీపిస్తవా?"

ఎవరూ నవ్వలేదు. గుత్తేదారు తల దించుకున్నాడు. టేకుమట్ల పెద్దాయన లేచి ఆయన భుజం పట్టుకున్నాడు. "సాల్తియ్. వచ్చినోనివి తిని పో. నీ వదిన దినంరా ఇది." దినానికి వచ్చి తినకుండా పోవడం ఆ ఊళ్ళో ఏ పార్టీ వాడికీ చేతకాదు. కూర్చోబోతుంటే సారు అడిగాడు.

"ఓటరా, సుట్టమా?"

"నేనెవరనుకున్నరు సార్? ఈ ఊరి కాబోయే సర్పంచ్ మొగణ్ని!"

"అయితే గోడ దిక్కు కూసో."

కూర్చున్నాడు. మాంసంలో బొక్కలు, అంటే ఎముక ముక్కలు, రెండోసారి వేయించుకున్నాడు కూడా. సారుకు అక్క విస్తరి వేయబోతే ఆయన చేతులు అడ్డం పెట్టి మంచినీళ్ళు మాత్రం తాగాడు.

మర్నాడు అక్క గెలిచింది, చాలా కొద్ది ఓట్లతో. గడువు లోపలే లెక్క ఇచ్చాం. ఓటర్ల విస్తర్లన్నీ కలిపినా లక్షన్నర దరిదాపుల్లోకి కూడా రాలేదు. గుత్తేదారు భార్య లెక్కలో పాంప్లెట్లు, చాయ్, ఒక టెంటు ఉన్నాయి. ఇప్పుడు రికార్డు తీసి చూస్తే ఆ ఎన్నికల్లో అందరికన్నా ఎక్కువ ఖర్చు పెట్టింది మా అక్క. భోజనాల మీద ఖర్చు చూపింది ఆమె ఒక్కతే.

దాంతో గుత్తేదారుకు పారదర్శకత మీద ప్రేమ పుట్టింది. అక్క లెక్క కాపీ తీయించుకుని హోటల్ ముందు చదవడం మొదలుపెట్టాడు. సచ్చిన అత్తను అడ్డం పెట్టుకొని ఓట్లు కొన్నది, సీటు రద్దు చేయిస్త, ఫిర్యాదు రాసి పెట్టిన అని. అక్క వాడ ఆడవాళ్ళు బెదిరిపోయారు. నల్లా పైపులకు తీర్మానం అప్పుడే అయింది, సీటు పోతే అదీ పోతుందని వాళ్ళ భయం. అక్క నన్ను వెంటబెట్టుకుని నేరుగా హోటల్ దగ్గరికే పోయింది.

"మామా, నీ మనుమని పుట్టెంట్రుకలకు నేను గుడ వచ్చి తిన్న. గది ఏం లెక్కల రాసినవ్?"

"గది ఇంటి ఫంక్షన్."

"మాది గుడ ఇంటి పీనుగే మామా. కిరాయికి తెచ్చింది కాదు."

హోటల్లో చాయ్ గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వారు. నేను పుస్తకం తెరిచాను. అన్నం పెట్టి ఓటు అడగడం లంచమైతే, పెట్టినవాళ్ళతో పాటు తీసుకున్నవాళ్ళదీ నేరమేనని చదివి వినిపించాను. "ఆ విస్తర్లల్ల మీదొకటి ఉన్నది. ఓటర్ల దిక్కు కూసున్నరు. సర్కారు వీడియోల ఉన్నరు. బొక్కలు అడిగింది గుడ వినవడ్తది."

గుత్తేదారు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఫిర్యాదు ఎక్కడికీ పోలేదు. పోతూ పోతూ ఒక్క మాటన్నాడు:

"కూరల ఉప్పు గుడ తక్కువుండె."

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళకు పేరు పేరునా దండం పెట్టాలని ఉంది కానీ పేర్లు రాయనని ముందే చెప్పాను. ఇంటికి ఇవ్వకూడని పుస్తకాన్ని ఒక ఆదివారం ఇంటికిచ్చిన గ్రంథాలయం మేడమ్‌కు, ఓటు లేకపోయినా మాటిచ్చిన టేకుమట్ల పెద్దాయనకు, ఇంకా నన్ను క్షమించని బావకు, నేను ఏది తప్పు రాశానో చెప్పి దిద్దించిన అక్కకు దండాలు. ఫలితాలు వచ్చిన వారానికి సెలవు పెట్టి వచ్చి, "ఇప్పుడు లెక్కలకు రాదు గదమ్మా" అని అడిగి మరీ పెరుగన్నం తిని పోయిన సారుకు కూడా. గుత్తేదారుకు, ఆ రోజు గోడ వైపు కూర్చున్నందుకు. చివరి దండం ముసలామెకు. ఆమె పేరు ఒక్కటే నేను రాయకపోయినా ఫరవాలేదు. ఓటర్ల జాబితాలో ఇంకా ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.