ఒంటికొమ్ము ఎత్తిన షట్టరు

నా పైపు రెంచి మీద ఒట్టు, అరిగిపోయిన నా కుడి భుజం మీద ఒట్టు: ఇందులో ప్రతి మాటా జరిగిందే. హోసూరులో నన్ను కోతలరాయుడంటారని తెలుసు. ఈ ఒక్కసారికి నమ్మండి.

నాలుగేళ్ల కిందట, రాగుల కోతలు ముగిసిన నెలలో, కంపెనీ నన్ను తళి దారిలోని ఒక పల్లెకు పంపింది. అప్పటికి నేను సర్వీసు మేస్త్రిని. కొత్త షట్టరు బిగించేది ఫిట్టరు. మొరాయించినదాని దగ్గరికి ఒంటరిగా పోయేది మేస్త్రి. పని మునిరాజప్ప అనే రైతు షెడ్డులో. ఏడాది తిండి, విత్తనాలు అన్నీ అందులోనే. షట్టరు సగంలో ఆగి కిందికి దిగనంటోంది. అడవి అంచున ఒంటికొమ్ము ఏనుగు ఒకటి తిరుగుతోంది. అందుకే తెల్లవారగానే రమ్మన్నారు.

షట్టరు బరువు మోసేది మన చెయ్యి కాదు, పైన పైపుకు చుట్టి ఉండే స్ప్రింగులు. షట్టరు దిగేకొద్దీ అవి బిగుసుకుంటాయి; ఎత్తేటప్పుడు ఆ బిగువే సాయపడుతుంది. అవి బాగుంటే పద్నాలుగడుగుల షట్టరును ముసలమ్మ ఒంటి చేత్తో లేపుతుంది. లేకపోతే నలుగురు మగాళ్లు చాలరు.

నేను లోపల నిచ్చెన మీద ఉన్నాను. మునిరాజప్ప భార్య గౌరమ్మ కింద టార్చి పట్టుకుంది. ఆయన బయట మిగిలిన రాగుల మూటను వెనక్కి నడుస్తూ లోపలికి లాగుతున్నాడు. మూట గడప మీదికి వచ్చేసరికి తుప్పు పట్టిన స్ప్రింగు తనంతట తాను తెగింది. షట్టరు మొత్తం జారి మూట మీద పడింది. మునిరాజప్ప వెల్లకిలా పడ్డాడు. మూట పక్కనే ఉన్న ఎడమ కాలు షట్టరు అడుగున ఉండే ఇనుప పట్టీ కింద చిక్కింది. మూట అడ్డుండబట్టి కాలు తెగలేదు. కానీ మూట చిరిగింది. రాగులు బయటికి కారేకొద్దీ అది అణుగుతోంది, బరువు కాలి మీదికి దిగుతోంది.

“నిచ్చెన మింద నిలబడి చూస్తావేమప్పా మేస్త్రీ? దిగు, ఎత్తు!” అని గౌరమ్మ అరిచింది.

ఇద్దరం గడ్డపార పెట్టి ఎత్తాం. వెంట్రుకవాసి కదల్లేదు. జాకీ బయట నా బండి మీద ఉంది. షెడ్డుకు వేరే దారి లేదు.

“తొందరేం లేదప్పా,” అన్నాడు మునిరాజప్ప పళ్లు బిగించి. “కాలు ఈడే పెట్టి నేను ఇంటికి పోతాను.”

“నోరు మూసుకో,” అంది గౌరమ్మ ఏడుస్తూ.

అప్పుడు బయట ఎవరో బుస్సుమని ఊదారు. పట్టీ కిందినుంచి తొండం కొస లోపలికి వచ్చింది. బూడిద రంగు, తడి, చివర ఒకే ఒక వేలు. అది మునిరాజప్ప కాలును మడమ నుంచి మోకాలి దాకా తడిమింది. ఏ డాక్టరూ అంత మెల్లగా పట్టుకోడు.

“సామీ,” అని గౌరమ్మ గుసగుసలాడింది. “రాగులన్నీ ఎత్తుకొని పో. ఆయన కాలు మాత్రం ఇడిసిపెట్టు.”

తొండం వెనక్కి పోయింది. పట్టీ వెంబడి అటూ ఇటూ వెతికింది. సరిగ్గా నడుమ ఆగింది. షట్టరును నడిమికి పట్టుకుంటేనే వంకర పోకుండా లేస్తుంది. ఆ సంగతి నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది. ఒక్క ఎత్తు. రెండు వైపులా మట్టం పెట్టినట్టు సమంగా, పట్టాల్లో గీరుకున్న చప్పుడైనా లేకుండా, మోకాలెత్తు లేచింది. మంచులో నాలుగు స్తంభాల్లాంటి కాళ్లు కనిపించాయి. ఇన్నేళ్ల సర్వీసులో అంత శుభ్రమైన పని చూడలేదు. నా చేతిలోని గడ్డపార పిల్లల ఆటవస్తువులా అనిపించింది.

గౌరమ్మ భర్తను చంకలకింద పట్టి లోపలికి లాగేసింది. ఏనుగు మూటను బయటికి లాక్కొని షట్టరును వదిలేసింది. తర్వాత చాలాసేపు నమిలే చప్పుడు విన్నాం. అది పోయాకే కేకలేసి ఊళ్లోవాళ్లను పిలిచాం.

ఎముక చిట్లింది, పాదం దక్కింది. ఆస్పత్రికి తీసుకుపోతుంటే మునిరాజప్ప నా చెయ్యి పట్టుకొని, “నీ జాగాలో ఆ ఒంటికొమ్ము ఆయప్పను పెట్టుకోమని మీ ఓనరుకు చెప్పప్పా,” అన్నాడు.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. ఏనుగు సంగతి అక్షరాలా నిజం. స్ప్రింగు తనంతట తాను తెగిందన్నదే నా కల్పన. పైపును పట్టి ఉంచే క్లాంపు బోల్టును వదులు చేసింది నేనే. దాంతో పైపు గిర్రున తిరిగి స్ప్రింగుల బిగువంతా పోయింది. అంతకుముందు షట్టరు కింద జాకీ నిలబెట్టాలి. అది హెల్పరుకు మొదటి రోజే నేర్పే పాఠం. ఐదు నిమిషాల పనే కదా అని బండి మీదనుంచి దించలేదు. షట్టరు కింద ఏదో ఒకటి నిలబెట్టాకే పైన చెయ్యి పెట్టాలి. నేను నేర్చుకున్నది అంతే.

మునిరాజప్ప అరవ బడిలో చదివాడు, తెలుగు అక్షరం రాదు. గౌరమ్మకు వచ్చు. వాళ్లకు ఇన్నాళ్లూ చెప్పని ఈ మాట ఆమె చదివి ఆయనకు చెప్తుంది.