ఓడిపోవాలన్న ఆంటీ

డెట్రాయిట్ నుంచి షికాగో వెళ్లే రైల్లో నా పక్క సీట్లో ఒక తెలుగు ఆంటీ కూర్చున్నారు. అరవై ఏళ్లుంటాయి. చీర మీద స్వెటర్, చేతిలో ఫోన్, అందులో బాస్కెట్‌బాల్ మ్యాచ్. ఒళ్లో ఉన్న నోట్‌బుక్‌లో కాలేజీ ఆటగాళ్ల పేర్లు, ఎత్తులు, ఎవరి మోకాలికి దెబ్బ తగిలిందో కూడా రాసుకున్నారు.

కుతూహలం ఆపుకోలేక, "మన డెట్రాయిట్ టీమ్ గెలుస్తోందా ఆంటీ?" అని అడిగాను.

"గెలవకూడదు బాబూ, ఓడిపోవాలి. కొత్త కాలేజీ ఆటగాళ్లని ఏ టీమ్ ముందు ఎంచుకోవాలో తేల్చే డ్రాఫ్ట్ లాటరీలో, బాగా ఓడిన టీమ్‌లకే ఛాన్స్ ఎక్కువ. ఫస్ట్ పిక్ వచ్చిందనుకో, ఇదిగో, ఈ పిల్లాడు మనకొస్తాడు," అంటూ కింద రెండు గీతలు గీసిన పేరొకటి చూపించారు.

ఆఖరి క్షణాల్లో మన టీమ్ ఒక్క పాయింట్ వెనకబడి ఉంది. మన కుర్రాడొకడు దూరం నుంచి బాస్కెట్‌లోకి బంతి విసిరాడు. పడింది. ఆంటీ గబుక్కున లేచి చప్పట్లు కొట్టారు. నోట్‌బుక్ జారి కింద పడింది.

"అదేంటి ఆంటీ, ఓడిపోవాలన్నారు కదా?"

"అన్నాను. కానీ వాడు అంత కష్టపడి వేస్తుంటే పడకూడదని ఎలా అనుకుంటాను, చెప్పు?" అని సిగ్గుపడుతూ నవ్వారు.

తర్వాతి వారం నా రూమ్మేట్ పేరు వీసా లాటరీలో వచ్చింది. నాది రాలేదు. అదే నాకు చివరి ఛాన్స్. నాకు రాకపోతే వాడికీ రాకూడదని అప్పటిదాకా లోలోపల అనుకుంటూనే ఉన్నాను. వాడు మెయిల్ చదివి, నా మొహం చూసి, సంతోషం దాచుకోబోయాడు. అప్పటికే నేను లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాను.