అన్‌ఫిట్ అని రాసిన కాగితం

ఆరో తరగతికి ప్రిఫిక్సులు చెప్పడానికి నేనెప్పుడూ తిప్పలు పడలేదు. కోరుట్లలో మా బడి పిల్లలకు అన్‌హ్యాపీ తెలియకపోయినా అన్‌ఫిట్ తెలుసు. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు గల్ఫ్ మెడికల్‌కు పోయి వచ్చినవాళ్లే. బోర్డు మీద ‘అన్’ అని రాసి అడిగితే తరగతంతా ఆ ఒక్క మాటే అరిచేది. మాట చివర తగిలించే ‘లెస్’, ‘నెస్’ మాత్రం ఎంత చెప్పినా తలకెక్కేవి కావు. నాకు చిర్రెత్తుకొచ్చి చాక్‌పీసులు విసిరేదాన్ని.

మా ఆయన సిరిసిల్లలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు నడిపేవాడు. వారానికోసారి ఇంటికొచ్చేవాడు. సాంచాలు సగం రోజులు ఆగిపోతుంటే మస్కట్ వీసా కోసం తిరిగాడు. హైదరాబాదులో మెడికల్ చేయించుకొని ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఊపిరితిత్తి మీద మచ్చ. కింద ముద్ర, అన్‌ఫిట్.

“ముందటి రెండక్షరాలు కొట్టేస్తే అయిపాయె. ఇంగ్లిష్ టీచరమ్మవు, గంత రాదా?” అన్నాడు నవ్వుతూ.

“గా పని మా ఆరో తరగతి పోరగాండ్లు గూడ జేస్తరు” అన్నాను నేనూ నవ్వి.

మా వైపు మెడికల్ అంటే రోగం చూసుకునే పరీక్ష కాదు. వీసా వస్తుందా, ఆగుతుందా, అంతే. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఏ ఏజెంటును పట్టుకోవాలో చెప్పి పోయారు గానీ, ఆ మచ్చ ఏమిటని ఒక్కరూ అడగలేదు. ముద్ర పైన ఇంకో రెండు వరుసలున్నాయి. ఛాతీ డాక్టరుకు వెంటనే చూపించుకోమని. చదివాను. మడిచి బీరువాలో పెట్టాను.

జగిత్యాల ఏజెంటు ఇంకో కాగితం ఇప్పించాడు. ఫిట్. మా ఆయన వెళ్లాడు. ఫోన్లో దగ్గు వినిపించి అడిగితే “దుమ్ము పడ్తలేదు” అనేవాడు. ఏడు నెలలకు పని చేస్తూ కుప్పకూలితే, అక్కడ ఎక్స్‌రే తీసి వెనక్కి పంపేశారు.

జగిత్యాల డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసింది. “ముందుగాల్ల వస్తే మందులతోనే పోయేదమ్మా. ఎప్పుడు తెలిసింది మీకు?”

“ఇప్పుడే” అన్నాను.

పక్కనే ఉన్న మా ఆయన నా వైపు చూశాడు. ఆ తర్వాత నెలన్నర బతికాడు, ఆ సంగతి ఎత్తనే లేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేది.

దినాలయ్యాక బడికి వెళ్లాను. ఏడుపు రాలేదు, ఏమీ అనిపించలేదు. అదే పాఠం వచ్చింది. ‘అన్’ అని రాసి వెనక్కి తిరిగాను. తరగతిలో ఎవరూ అరవలేదు. ఎవరో చెప్పి పెట్టినట్టున్నారు. ముందు బెంచీ పిల్ల లేచి, నా మొహం చూడకుండా “అన్‌హ్యాపీ, టీచర్” అంది.

కరెక్టే, రాసుకోండి అన్నాను.