రేపు పొద్దున ఆరుకొస్తా

నాకు బోర్డు లేదు, ఆఫీసు లేదు. చిత్తూరులో పాత బాత్రూములు, వంటిళ్ళు పగలగొట్టి కొత్తగా కట్టించే చిన్న కాంట్రాక్టర్ని నేను. పెద్ద కాంట్రాక్టర్లు కారు దిగి, ఫోన్లో బొమ్మలు చూపించి, అచ్చు వేసిన కాగితం చేతిలో పెట్టి పోతారు. నేను మా ఆయన బండి వెనక కూర్చుని పోతాను. మా ఆయన టైల్స్ మేస్త్రీ. చేసేది ఆయన, మాట్లాడేది నేను. ఇంటివాళ్ళు అందరినీ పిలిచి, అన్నీ విని, చివరికి ఒకే మాట అడుగుతారు, ఎప్పుడు మొదలుపెడతారని. పెద్దవాళ్ళు అక్కడ నసుగుతారు. వాళ్ళకి చేతినిండా పని. వచ్చే నెల చూద్దాం, ఆ స్లాబు అయిపోనీ అంటారు. నేను "రేపు పొద్దున ఆరుకొస్తా" అంటాను. చాలాసార్లు ఆ ఒక్క మాటకే పని నా చేతికొచ్చింది.

ఇప్పుడు గొప్పగా రాస్తున్నాను గానీ, మొదట్లో ఆ మాట పచ్చి అబద్ధం.

కాంట్రాక్టులు పట్టకముందు నేను సిత్తాలు పని చేశాను. సిత్తాలంటే మేస్త్రీకి ఇసుకా సిమెంటూ మోసి అందించే ఆడమనిషి. పదేళ్ళు మోశాను. మోస్తూ మోస్తూ నేర్చుకున్న విద్య ఒకటుంది. పని ఒప్పుకున్న మరుసటి రోజే ఆ ఇంటి ముందు ఒక ట్రాక్టరు ఇసుక దింపి, గోడకి నాలుగు దెబ్బలు కొట్టి, భోజనాల వేళకి జారుకోవడం. ఇసుక వాకిట్లో ఉన్నంతకాలం ఇంటివాళ్ళు ఇంకొకరిని పిలవలేరు. మేస్త్రీ ఆ లోపల నాలుగు ఊళ్ళలో నాలుగు పనులు ఇట్లాగే పట్టేసి, తీరికున్నప్పుడు తిరిగొస్తాడు. మా పక్క దీన్ని ఎవరూ మోసం అనుకోరు. నేనూ అనుకోలేదు.

సొంతంగా పని పట్టిన మొదటి ఏడాది, ఐరాలకు పోయే దారిలో ఒకామె వంటగట్టు కట్టమని పిలిచింది. ఇంట్లోనే దోసెలు, ఇడ్లీలు పోసి అమ్ముకునే మనిషి. ఇంకొకాయన నెల ఆగితే మంచి రాయి వేసి కడతానన్నాడట. నేను రేపే వస్తానన్నాను. వచ్చాం కూడా. ఇసుక దింపాం, పాత గట్టు సగం పగలగొట్టాం, ఎల్లుండి వస్తామని చెప్పి కార్వేటినగరంలో ఇట్లాగే ఒప్పుకున్న ఇంకో పనికి పోయాం. ఆమె ఫోన్ చేస్తే "దావలో ఉండామక్కా" అనేదాన్ని. తర్వాత తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాను.

పద్దెనిమిది రోజులకి తిరిగొచ్చాం. సందు మొదట్లోనే మా ఇసుక కనపడింది. ట్రాక్టరు ఇసుకనంతా ఆమె గోతాలకెత్తి, మూతులు కట్టి, రోడ్డు పక్కకి ఈడ్చి వరసగా పెట్టింది. ఒక్కతే. ఇంటి వెనక టార్పాలిన్ పట్ట కింద, తుంపర్లో దోసెలు పోస్తోంది. మమ్మల్ని చూసి అరవలేదు. అరిచుంటే బాగుండేది.

"నువ్వు రేపన్నావనే కదమ్మే నేను పొయ్యి బయట పెట్టుకునింది," అంది. "వానకి మూడు దినాలు పొయ్యే ముట్టించలా. దోసెలు తినేవాళ్ళంతా వేరే తావుకి పోయినారు. నీ ఇసుక ఆడుండాది. ఎత్తుకోని పో."

మా ఆయన ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె దోసె తిరగేసుకుంది. పొట్లం కోసం నిలబడ్డ మనిషి మమ్మల్ని కిందికీ మీదికీ చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ట్రాక్టరు పిలిపించి, మేమే గోతాలు మోసి ఎత్తుకున్నాం. ఇంటికెళ్ళి మూతులు విప్పబోతే ఒక్కటీ రాలేదు. అంత కసిగా బిగించింది ఆ ముళ్ళు. నా గోళ్ళు రెండు విరిగాయి.

ఆ రాత్రే మా ఆయనతో చెప్పేశాను, ఇకనుంచి వారంలో రెండు రోజులు ఎవరికీ ఇచ్చేది లేదని.

"పనోళ్ళని కూసోబెట్టి మేపతావా మే?" అన్నాడు.

"కూసోరు. ఆ రెండు దినాలు పాత పనుల్లో మిగిలింది చేస్తారు. కొత్త పనొస్తే ఆడికి పోతారు."

నెల్లాళ్ళు గొణిగాడు. నేను వినలేదు. వారంలో రెండు రోజులు చేతిలో ఉంటేనే, రేపొస్తానంటే నిజంగా పోగలను. ఇందులో పెద్ద తెలివేమీ లేదు, కాస్త మొండితనం ఉంటే చాలు. ఇసుక దింపే అలవాటు కూడా ఆ రోజే మానేశాను. కావలసిన సామానంతా వాకిట్లోకి వచ్చాకే మొదటి దెబ్బ.

మొన్న ఆడి నెలలో ఈ పట్టుదలకి పరీక్ష వచ్చింది.

తమిళనాడు పక్కనే ఉండటంతో మాకు ఆడి, అంటే తమిళుల ఆషాఢం, పట్టింపు ఎక్కువ. ఆ నెలలో కొత్త పని ముట్టుకోరు. దానికి తోడు ఆడి కృత్తికకి కూలీలంతా కావడి ఎత్తుకుని సుబ్రహ్మణ్యస్వామి గుడికి పోతారు, రెండు మూడు రోజులు ఒక్క మనిషీ దొరకడు. అందుకే కాంట్రాక్టర్లు ఆడి పోనీండి అని తప్పించుకుంటారు. రిటైరైన బడి అయ్యోరు ఒకాయన ముగ్గురి చేత ఆ మాట అనిపించుకుని నన్ను పిలిచాడు. ఆయన భార్య తుంటి ఎముక విరిగి తిరుపతి ఆసుపత్రిలో ఉంది. ఆపరేషన్ అయింది.

"ఆడి పోయేదానికి ఇంగా ఇరవై దినాలుండాది," అన్నాడు. "ఆమెని తొమ్మిది దినాల్లో ఇంటికి పంపిస్తారంట."

బాత్రూము చూశాను. రెండు మెట్లు దిగాలి. ఇరుకు తలుపు. నేలమీద కూర్చునే దొడ్డి. వాకర్ పట్టుకున్న మనిషికి గుమ్మం దాటడం కూడా కుదరదు.

ఆయన గోడ వైపు చూస్తూ చెప్పాడు, "ఆసుపత్రిలో అన్నం సగమే తింటా ఉండాదమ్మా. ఎక్కువ తింటే మంచం మీద ఇంగొకరి చేత ఆ పని చేయించుకోవాలని. ఇంటికొచ్చినా అదే గతైతే పూర్తిగా మానేస్తాది. నాకు తెలుసు ఆమె సంగతి."

రేపు పొద్దున ఆరుకొస్తానన్నాను.

ఆయన నవ్వాడు. "చానా మంది దగ్గిర విన్నానమ్మా ఆ మాట. ఇసుక తోలి పోతారు. నువ్వు పని చేసిన ఇల్లు యాదన్నా చెప్పు, పొయ్యి అడిగొస్తా."

నన్ను మెచ్చుకునే ఇళ్ళు పది ఉన్నాయి. అవి చెప్పుంటే సరిపోయేది. ఆ నవ్వుకి నాకు ఎక్కడో మండింది. "ఐరాల దావలో దోసెలు పోసే అక్కని అడగండి అయ్యోరా. నేనెట్లా మోసం చేసినానో చెప్తాది. ఆ తర్వాత చేసిన ఇండ్లు కూడా చెప్తా. రెండూ ఇని, మీ ఇష్టం," అన్నాను. మా ఆయన నా కాలు తొక్కాడు.

సాయంత్రం అయ్యోరే ఫోన్ చేశాడు. "ఆ దోసెలామె నిన్ను బాగా తిట్టిందమ్మా. తిట్టే ఇంటికి పంపించిన కాంట్రాక్టరువి నువ్వొక్కదానివే. ఆరుకి గేటు తీసి పెడతా."

ఆరుకి పోయాం. ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం దాకా ఒక్క దెబ్బ కొట్టలేదు మేము. పాత గొట్టం గోడలోంచి పోతోందా, నేలలోంచి పోతోందా చూసుకుని, దానికి సరిపోయే కమోడ్ తెచ్చుకోవాలి. ఇది చూసుకోకుండా కొంటే, బిగించే రోజు నెత్తి పట్టుకోవాల్సిందే. కమోడ్, జారని టైల్స్, గొట్టాలు, పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు, అన్నీ వరండాలో చేరేసరికి అయ్యోరి ముఖం మాడిపోయింది.

"ఇంగా ఒక్క దెబ్బన్నా ఎయ్యలేదే?"

"సామాను లేకుండా ఏస్తే ఉండేది కూడా పోతాది అయ్యోరా," అన్నాను. ఒంటిగంటకి పగలగొట్టడం మొదలైంది.

రోజూ ఆయన క్యారియర్ పట్టుకుని తిరుపతి బస్సెక్కేముందు పని ఫోటో తీసుకునేవాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఫోటోలు చూసి అక్కడినుంచే హుకుం పంపేది. కడ్డీ మరీ పైనుండాది, నా చెయ్యి అందదు. కొళాయి కుడి పక్కకి పెట్టమను. చెప్పిందల్లా మార్చాం. ఎప్పుడూ చూడని ఆ మనిషి మీద నాకు ఇష్టం పుట్టింది. గుమ్మం వెడల్పు చేసి, మెట్లు తీసేసి ఏటవాలు దారి పోసిన ఫోటో చూసిన రోజు ఇడ్లీ ఒకటి ఎక్కువ తిందని అయ్యోరు చెబితే, నేనే తిన్నంత సంతోషమైంది.

ఆరో రోజు ఆడి కృత్తిక. కావడి మొక్కు మా ఆయనకే ఉంది. పోయినేడాది నాకు జబ్బు చేసి ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు మొక్కుకున్నాడు. నా కోసం మొక్కుకున్న మనిషిని పోవద్దని ఎట్లా అంటాను? పనివాళ్ళిద్దరూ ఆయన వెంటే. తిరిగొచ్చేది ఎనిమిదో రోజు. నేల ఆ ఆరో రోజే పరిస్తేగానీ, ఆమె వాకర్ ఆనించేలోగా సిమెంటు గట్టిపడదు.

"నువ్వు పో మావా. నేల నేను పరస్తా," అన్నాను.

పగలబడి నవ్వబోయి, నా ముఖం చూసి ఆగాడు. "వాటం తప్పితే నీళ్ళు నిలస్తాయి మే. ఆ ముసలామె జారి పడితే?"

నేను భయపడుతున్నది కూడా దానికే. మా పనిలో ఆడవాళ్ళు మోస్తారు, తాపీ పట్టరు. ఇన్నేళ్ళుగా పక్కన నిలబడి చూడటమే తప్ప ఒక్క టైలు పరిచింది లేదు. కానీ ఆయన ఆగినా తప్పే, పని ఆగినా తప్పే. ఇంక నేనే మిగిలాను.

పొద్దున ఆరుకి ఒక్కదాన్నే గేటు తీశాను. అయ్యోరు నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని సందు చివరిదాకా చూశాడు. "నువ్వొక్కదానివేనా?" అన్నాడు. అవునన్నాను. కాసేపు ఆలోచించి, ఆసుపత్రికి ఫోన్ చేసి మధ్యాహ్నం బస్సుకి వస్తానని చెప్పి, పంచె పైకి కట్టుకుని టైల్స్ అందించడానికి నిలబడ్డాడు. నా జన్మలో నాకు సిత్తాలు పని చేసినవాడు ఆయనొక్కడే.

దారం కట్టి, మట్టం చూసుకుని మొదటి వరస పరిచాను. చెంబుడు నీళ్ళు పోస్తే అవి తూము వైపు కాకుండా గుమ్మం వైపు వచ్చాయి. వరసంతా పీకేశాను. మళ్ళీ పరిచాను. ఈసారి మధ్యలో నిలిచాయి. మళ్ళీ పీకాను. పీకిన ప్రతి టైలూ అయ్యోరు కడిగి అందించాడు. మూడోసారి నీళ్ళు నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా తూములోకి పోయాయి. ఆయన రెండు గంటల బస్సుకి పోయాడు. చివరి టైలు పెట్టి బకెట్ నీళ్ళు గుమ్మరించేసరికి సాయంత్రమైంది. చుక్క నిలవలేదు. గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఎనిమిదో రోజు మా ఆయన గుండుతో వచ్చి, గొంతుక్కూర్చుని, ఆ నేల మీద ముమ్మారు నీళ్ళు పోసి చూశాడు. "ఆ మూల టైలు నూలంత ఎత్తుండాది," అన్నాడు. అంతకు మించి ఏమీ దొరకలేదు పాపం ఆయనకి. కమోడ్, కడ్డీలు ఆ రోజే బిగించాడు.

తొమ్మిదో రోజు ఆమెని కారులో తీసుకొచ్చారు. మంచం దగ్గరికి పోలేదు. వాకర్ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ నేరుగా బాత్రూములోకి పోయి తలుపు వేసుకుంది. మేమంతా బయటే నిలబడ్డాం. చాలాసేపటికి నీళ్ళ చప్పుడు వినపడింది. తలుపు తీసి, అయ్యోరి వైపు చూసి, "అన్నం పెట్టు. ఆకలైతా ఉండాది," అంది.

ఆడి పోయాక ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. గొంతు వినగానే గుర్తుపట్టాను. దోసెలక్క. అయ్యోరు బస్సు దిగి వాళ్ళింటికి పోయి అంతా చెప్పాడట. ఆమె వంటగట్టుకి అప్పట్లో ఎవరో అతుకు వేసి పోయారు, అది మళ్ళీ కూలుతోంది.

"ఎప్పుడొస్తావు?" అంది.

రేపన్న మాట నోటిదాకా వచ్చింది. రేపటి రోజు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశాను. మింగేసి, "గురువారం పొద్దున ఆరుకొస్తానక్కా," అన్నాను.

ఆమె అడిగింది, "పొయ్యి ఎప్పుడు బయట పెట్టుకోవాల?"

"నువ్వు పెట్టుకోవద్దక్కా. నేనొచ్చి సామాను దించినాక, నేనే మోసి పెడతా."

గురువారం ఐదున్నరకే ఆమె గుమ్మంలో నిలబడ్డాను. పొయ్యి లోపలే మండుతోంది. నన్ను చూసింది, నా వెనక ట్రాక్టరులో రాయీ సిమెంటూ చూసింది, గోడ మీద గడియారం చూసింది. "ఉండు, ఈ దోసె తీసి ఆర్పేస్తా," అంది.