కాళ్లకో పీట

గత శతాబ్దం మధ్యలో అమెరికాలో పుట్టిన డిజైన్ చూపించి, వంచిన ప్లైవుడ్ మీద తోలు దిండ్లతో ఒక వాలుకుర్చీ నాచారంలో చేయించాను. ఈ రోజు ఇంటికొచ్చింది. అత్తమ్మ కుర్చీని వదిలేసి, దానితో పాటు వచ్చిన చిన్న స్టూల్ మీద కూర్చుంది.

"అది కాళ్లు పెట్టుకునేది అత్తమ్మా" అన్నాను.

"గింత మంచి పీట మీద కాళ్లెట్ల పెడ్తరు బిడ్డా?"

బతిమాలి కుర్చీలో కూర్చోబెట్టాను. స్టూల్ మీద కాళ్లు పెట్టగానే ముందుకు వంగి, దాన్ని తాకి కళ్లకద్దుకుంది. ఆ తర్వాతే వెనక్కి వాలి, అలాగే నిద్రపోయింది.

స్టూల్‌కైతే అత్తమ్మ క్షమాపణ చెప్పుకుంది. ఉప్పల్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి నిలబడి ప్యాకింగ్ చేసిన ఆ కాళ్లకు ఎవరు చెప్పాలో మీకేమైనా తెలుసా?